తలాబు గట్టు మీద మూడో రింగు

దక్షిణామూర్తి తన మూడో లైఫ్ రింగుకి తాళం కొనుక్కొచ్చిన పొద్దున వనజాక్షి చారుకి పోపు పెడుతోంది. ఆ తాళం ఎందుకో విన్నాక పోపు సంగతి మర్చిపోయింది. ఆవాలు మాడి నెహ్రూ నగర్ ఇల్లంతా పొగ కమ్మింది.

"ఏటండీ, నీళ్ళలో పడ్డవాణ్ణి పైకి లాగే రింగుకి తాళమేటి? పడేవాడు ముందు మీ దగ్గరకొచ్చి తాళంచెవి పుచ్చుకుని, అప్పుడెళ్ళి పడాలేటి?"

"నేనక్కడే ఉంటాను కదా వనజా," అన్నాడు దక్షిణామూర్తి, తాళాన్ని గట్టిగా లాగి చూసుకుంటూ. "తాళంచెవి నా మొలతాడుకే ఉంటాది. ఎవడు పడినా చిటికెలో తీసిస్తాను."

"మరి మీరు టీ తాగడానికెళ్తే?"

"టీ మానేస్తాను."

ఇక ఆ మనిషితో ఏం మాట్లాడతాం! వనజాక్షి మాడిన పోపు పారబోసి ఇంకో పోపు పెట్టింది. తాళం మాత్రం చాలా మంచి తాళం. నాసిరకం వస్తువు కొనలేకపోవడం దక్షిణామూర్తికున్న దుర్గుణాల్లో ఒకటి.

ఆయన భిలాయి స్టీలు ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాడు. సెక్టర్ సిక్స్ క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు మిగతావాళ్ళు మంచాలూ బీరువాలూ తెచ్చుకుంటే, ఈయన బుర్రలో సేఫ్టీ మాన్యువల్ మొత్తం ఇంటికి తెచ్చుకున్నాడు. ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. ఏదైనా మిషను ఆపి దాని లోపల పనిచేయాల్సి వస్తే, పనిచేసేవాడు మీటకి తన తాళం వేసి, తన పేరు రాసిన ఎర్ర ట్యాగు కడతాడు. ఆ ట్యాగు కట్టినవాడే విప్పాలి. పై ఆఫీసరు వచ్చినా, పై ఆఫీసరు బాబు వచ్చినా ముట్టుకోకూడదు. ఎందుకంటే ఆ మిషను లోపల ఒక మనిషి ఉంటాడు. మంచి పద్ధతే, ఎవరూ కాదనరు. కానీ సుపెలా బజారులో అలాంటి ట్యాగులు ఒక కట్ట అచ్చు వేయించుకుని, పాడైన మిక్సీకి ఒకటి, కారుతున్న గీజరుకి ఒకటి కట్టి, రిపేరు చేసే తీరిక మాత్రం దొరక్క, "ట్యాగు ఉంది, ముట్టుకోకు" అని పెళ్ళాం మీద కేకలేయడం ఏ మాన్యువల్లోనూ లేదు. వనజాక్షి ఆ మిక్సీ పుణ్యమా అని చాలా రోజులు రోట్లో పచ్చడి నూరింది.

అయినా ఆవిడకి ఆయన బాధ తెలుసు. డాక్టరయితే వీధిలో పోయేవాణ్ణి చూపించి "వీణ్ణి నేనే బతికించాను" అనుకోవచ్చు. సేఫ్టీ వాడి పని ఏమీ జరగకుండా చూడటం. జరగనిదాన్ని ఎవడు చూస్తాడు? రిటైరైన రోజు శాలువా కప్పి, "మూర్తిగారి హయాంలో ఏమీ జరగలేదు" అని మైకులో పొగిడారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన శాలువా మడతపెట్టుకుని ఇంటికొచ్చి, "వనజా, నా వల్ల బతికినవాడు ఈ ఊళ్ళో ఎక్కడో ఉండే ఉంటాడు. వాణ్ణి ఒక్కసారి చూడాలని ఉంది," అన్నాడు. ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా ఉండిపోయింది. అందుకే రింగుల పిచ్చి మొదలైనప్పుడు అడ్డు చెప్పలేదు.

ఆ పిచ్చి భీమిలిలో పట్టుకుంది. అది వనజాక్షి పుట్టిల్లు. తమ్ముడి కూతురి పెళ్ళికని వెళ్ళారు. పెళ్ళివారందరూ సముద్రం చూస్తుంటే ఈయన సముద్రానికి వీపు పెట్టి, ఒడ్డున స్తంభానికి వేలాడుతున్న నారింజరంగు రింగుని చూస్తూ నిలబడ్డాడు. దానికి కట్టిన తాడు వేళ్ళతో నలిపి చూశాడు. స్తంభం పునాది గీకి చూశాడు. కొత్త పెళ్ళికొడుకుని కూర్చోబెట్టి, మునిగేవాడి మీదకి కాదు, వాడి పక్కకి విసరాలని బోధించాడు. ఆ పెళ్ళికొడుకు ఇప్పటికీ ఆయన్ని చూస్తే వేరే గదిలోకి వెళ్ళిపోతాడు.

భిలాయిలో సముద్రం లేదు. కానీ ఖుర్సీపార్‌లో తలాబు, అదే పెద్ద చెరువు, ఉంది. వినాయకుల్ని ముంచేది అందులోనే, ఛఠ్ పూజకి ఆడవాళ్ళు నడుంలోతు నీళ్ళలో నిలబడేది అక్కడే. వానాకాలం వెళ్ళేసరికి మెట్లన్నీ నాచు పట్టి ఉంటాయి. అడుగున పాత విగ్రహాల కర్రలు, ఇనుప చువ్వలు. కిందటేడు నిమజ్జనంలో ఒకడు కాలుజారి పడితే నాలుగు చీరలు ముడేసి లాగారు. చీరలిచ్చిన ఆడవాళ్ళు ఇప్పటికీ వాణ్ణి తిడుతూనే ఉన్నారు. ఆ తలాబు గట్టు మీద దక్షిణామూర్తి సొంత ఖర్చుతో స్తంభం పాతించి తాడు కట్టిన రింగు వేలాడదీశాడు.

మొదటి రింగు వారం తిరక్కుండా మాయమైంది. వెతగ్గా వెతగ్గా గుప్‌చుప్ పేరుతో పానీపూరీలమ్మే బండి వాడి నీళ్ళ డ్రమ్ము కింద, పగిలి పనికిరాకుండా, దొరికింది. డ్రమ్ము దొర్లకుండా భలే ఆగుతోందని వాడు ఆనందంగా చెప్పాడు. రెండో రింగు ఇంకా పెద్దచోటికి చేరింది. తెలుగు సంఘం సెక్రటరీ జగ్గయ్య ఇంట్లో, ఆయన తల్లి అప్పయమ్మ కింద! అప్పయమ్మకి మొలలు. మధ్యలో కన్నమున్న మెత్తటిదాని మీద కూర్చోమని డాక్టరు చెప్పాడు. రింగు చూడగానే ముసలమ్మ దేవుడే పంపించాడంది. దక్షిణామూర్తి వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు గానీ, "లేవండి" అనడానికి నోరు రాలేదు.

ఈ జగ్గయ్య రైల్ మిల్లులో క్రేన్ల విభాగం చూసి రిటైరైనవాడు. దక్షిణామూర్తి అంటే గౌరవమే, కానీ రింగులంటే విసుగు.

"మూర్తిగారూ, ఇదే ఆఖరిది," అని చెప్పేశాడు మూడోది వేలాడదీసిన రోజు. "ఇది కూడా పోయిందంటే స్తంభం పీకించేస్తాం. తలాబు గట్టుకి మీ భీమిలి సోకులెందుకండీ?"

"సరే. పోతే పీకించండి," అన్నాడు దక్షిణామూర్తి. అందుకే ఆ తాళం.

విశ్వకర్మ పూజ వచ్చింది. భిలాయిలో ఆ రోజు సుత్తికి కూడా సెలవు. గ్యారేజీల వాళ్ళు, వెల్డింగు వాళ్ళు, ప్లాంటులో పనిచేసేవాళ్ళు, చేసి మానేసినవాళ్ళు, అందరూ పనిముట్లు కడిగి బొట్టుపెట్టి దేవుడి కాళ్ళ దగ్గర పెడతారు. ఒకసారి పూజలో పెట్టాక మర్నాటిదాకా ఎవరూ ముట్టుకోరు. ఆ రోజు స్కూటరు టైరు పంక్చరైతే తోసుకుంటూ ఇంటికి పోవాల్సిందే. తెలుగు సంఘం వాళ్ళు తలాబు గట్టు మీదే షామియానా వేసి విగ్రహం పెట్టారు. దాని ముందు, పక్కనే గ్యారేజీ నడిపే రాజాబాబు తన సామాను మొత్తం పేర్చాడు. సుత్తులు, రెంచీలు, జాకీలు, ఇనుప గొలుసుల్ని తెంపే పొడుగుచేతుల పెద్ద కత్తెర, అన్నిటికీ బంతిపూల దండలు.

దక్షిణామూర్తి ఊరుకుంటాడా? "రింగు కూడా పనిముట్టే" అని స్తంభం దగ్గరే దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక దండ వేశాడు. పంతులుగారి చేత అక్షింతలు కూడా వేయించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పూజలో ఉన్నదాన్ని మర్నాటిదాకా ఎవరూ కదపకూడదు కాబట్టి, గొలుసుకి ఎర్ర ట్యాగు కట్టాడు. పైన "ప్రమాదం" అని అచ్చులో ఉంది. కింద తన చేత్తో "నా అనుమతి లేకుండా కదపరాదు" అని రాసి సంతకం పెట్టాడు.

"ఇప్పుడు దొంగ కూడా సంతకం చూసి దణ్ణం పెట్టి పోతాడు," అంది వనజాక్షి.

"నువ్వు నవ్వు. ప్లాంటు వాళ్ళకి దాని విలువ తెలుసు," అన్నాడాయన. గట్టు మీదున్న సంఘం మగవాళ్ళందరూ ప్లాంటు వాళ్ళే. ట్యాగు చూసి గౌరవంగా తలలూపారు కూడా.

హారతి అయింది. ప్రసాదం పంచుతున్నారు. అప్పుడు దక్షిణామూర్తి కళ్ళు నీళ్ళలో ఉన్న బోర్డు మీద పడ్డాయి. మెట్లు దిగాక, నీళ్ళలో చెయ్యి చాస్తే అందీ అందనంత దూరంలో వెదురుగడకి కొట్టిన రేకు బోర్డు అది. "ఖత్రా! గహరా పానీ" అని ఉంటుంది, లోతు నీళ్ళు జాగ్రత్త అని. అదీ ఆయన పెట్టించిందే. గట్టు మీద జాకీకి కూడా బొట్టు ఉంది, పాపం బోర్డుకి లేదు.

"ఏవండీ, మెట్లు నాచుగా ఉన్నాయి," అని వనజాక్షి అరిచేలోపే కుంకుమ భరిణె పట్టుకుని దిగిపోయాడు. ఆఖరి మెట్టు మీద నిలబడి, ఒక చేత్తో గడ పట్టుకుని, రెండో చెయ్యి చాచి, వేలికి కుంకుమ అద్దుకుని, "ఖ" మీద సగం బొట్టు పెట్టాడు. మిగతా సగం పెట్టేలోగా కాలు జారింది. వెదురుగడ ఊడి చేతికొచ్చింది. ప్లాంటులో ఏమీ జరగనివ్వని దక్షిణామూర్తి, లోతు నీళ్ళు జాగ్రత్త అనే బోర్డుని కావలించుకుని లోతు నీళ్ళలోకి పోయాడు.

ఆయనకి ఈత రాదు. నీళ్ళ దగ్గరకి పోకుండా ఉండటమే అన్నిటికన్నా మంచి సేఫ్టీ అని ఈత నేర్చుకోలేదు.

గట్టు మీద గోల లేచింది. వనజాక్షి ప్రసాదం పళ్ళెం వదిలేసి స్తంభం దగ్గరకి పరుగెత్తింది. అప్పటికే అక్కడ మగవాళ్ళు గుంపుగా ఉన్నారు. రింగు ఉంది, దండ ఉంది, గొలుసు ఉంది. తాళంచెవి తలాబులో ఉంది.

"ట్యాగు ఉంది," అన్నాడొకడు.

"అవును, మూర్తిగారి ట్యాగే."

"ఆయన పర్మిషన్ అడగాలి."

పైకి వింటే ఇది పిచ్చిలా ఉంటుంది. కానీ వాళ్ళు జీవితమంతా ఆ పద్ధతిలోనే బతికారు. కట్టినవాడు కాక ఇంకోడు ట్యాగు ముడితే ఒక మనిషి చస్తాడని ఈ దక్షిణామూర్తే వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చాడు. వాళ్ళ చేతులు ఆ గొలుసు దాకా వెళ్ళి ఆగిపోతున్నాయి. జగ్గయ్య నోటి చుట్టూ చేతులు పెట్టుకుని అరిచాడు.

"మూర్తిగారూ! ట్యాగు తియ్యమంటారేటి?"

దక్షిణామూర్తి జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. నోట్లోకి తలాబు పోయింది. చెయ్యి పైకెత్తి ఆడించాడు.

క్రేన్ల దగ్గర మాటలు వినబడవు, అంతా చేతి సైగలే. జగ్గయ్య కళ్ళు అలవాటు ప్రకారం ఆ చెయ్యినే చదివాయి. "వేలు తిప్పుతున్నాడు. పైకెత్తమంటన్నాడు!" అన్నాడు. మళ్ళీ చూసి, "లేదు లేదు, పిడికిలి బిగించాడు. పిడికిలంటే ఆగమని! ఎవరూ కదలకండి!"

అందరూ కదలకుండా నిలబడ్డారు.

వనజాక్షికి భయమేసింది. ఈ మనిషి లేకపోతే ఇల్లు ఎంత హాయిగా ఉండేదో అని ఇన్నేళ్ళలో ఆవిడ చాలాసార్లు అనుకుంది. ట్యాగుల్లేని ఇల్లు, నచ్చినప్పుడు తిప్పుకునే మిక్సీ, ఎవరూ లాగి చూడని తాళాలు. ఇప్పుడా ఇల్లు కళ్ళముందు కనబడింది. ఆ హాయి ఆవిడకి అక్కర్లేదు.

"ఆగమనడం కాదు, చచ్చిపోతన్నాడు!" అని అరిచి, గుంపుని మోచేతుల్తో తోసుకుంటూ పోయి ఎర్ర ట్యాగుని ఒక్క పెరుకు పెరికింది. మగవాళ్ళు అబ్బా అన్నారు. మరి గొలుసు? అది తెగదు. తాళం లాగితే వేళ్ళు ఒరుసుకున్నాయి. ఎంత మంచి తాళం కొన్నావయ్యా మహానుభావా అని తిట్టుకుంటూ చుట్టూ చూసింది. దేవుడి కాళ్ళ దగ్గర, బంతిపూల మధ్య పెద్ద కత్తెర కనబడింది.

ఆవిడ అటు నడవగానే పంతులుగారు అడ్డం వచ్చాడు. "అరే మాతాజీ! పూజా మే రఖా హై! కల్ సుబహ్ తక్ నహీ!"

రాజాబాబు కూడా చేతులు జోడించాడు. "ఆంటీ, పూజలో పెట్టిన సామాన్ ముట్టుకోకూడదు ఆంటీ. పాపం తగులుద్ది."

"తగలనీ. పనిముట్లన్నీ చేసిన దేవుడే గదా ఈయన? ఎందుకు చేశాడంటావు, బొట్లు పెట్టించుకోడానికా? తప్పుకో!" అని వనజాక్షి విగ్రహానికి ఒక్క దణ్ణం పడేసి, దండతో సహా కత్తెర లాక్కుంది. బరువుకి ఒంగిపోయింది. ఈడ్చుకుంటూ స్తంభం దగ్గరకి తెచ్చి, దాని నోరు తాళం ఒంటికే అడ్డంగా పెట్టి, చేతుల మీద వేలాడబడింది. కత్తెర కిర్రుమంది.

ఆ చప్పుడు రాజాబాబు విన్నాడు. పాపం, పుణ్యం, విశ్వకర్మ, అన్నీ మర్చిపోయాడు. "ఐసే నహీ ఆంటీ! తాళం మీద కాదు! పదును పోతాది, పళ్ళిరిగిపోతాయి!" అంటూ ఒక్క గెంతులో వచ్చి కత్తెర లాక్కుని, గొలుసు లింకులో నోరు పెట్టి నొక్కాడు. గొలుసు టప్పున తెగింది. తన కత్తెరని అలా పట్టుకుంటే చూస్తూ ఊరుకోవడం ఆ దేవుడి వల్ల కూడా కాదని తర్వాత పంతులుగారితో వాదించాడు.

రింగు చేతికి రాగానే వనజాక్షి మెట్ల దగ్గరకి ఉరికింది. పక్కకి విసరాలి, మనిషి మీదకి కాదు. భీమిలి పెళ్ళిలో ఆ పాఠం ఆవిడా విన్నది. పక్కకే విసిరింది. అది సూటిగా వెళ్ళి ఆయన బట్టతలకి తగిలింది. రింగుకున్న కుంకుమ నుదుటికి అంటింది, దండ జారి మెడలో పడింది. మెడలో దండతో ఆయన మొహం చూడగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. గోడకి దండేసి వేలాడదీసే ఫోటోలా ఉన్న ఆ బొమ్మ చూడలేకపోయింది.

"పట్టుకోండి! ఏవండీ, బోర్డు వదిలి రింగు పట్టుకోండి!"

కళ్ళు తెరిచేసరికి ఆయన రింగు పట్టుకునే ఉన్నాడు. బోర్డు కూడా వదల్లేదు. ఇక తాడు దగ్గర మగవాళ్ళ హడావిడి చూడాలి! ట్యాగు పోయింది కదా, ఇప్పుడు అందరూ వీరులే. జగ్గయ్య చెయ్యి పైకెత్తి వేలు తిప్పుతూ "హోయిస్ట్! హోయిస్ట్!" అని అరుస్తుంటే, దక్షిణామూర్తిని, రింగుని, బోర్డుని, ఇంత నాచుని కలిపి మెట్ల మీదకి లాగి పడేశారు.

బోర్లా పడుకోబెడితే తాగిన తలాబంతా కక్కాడు. లేచి కూర్చున్నాడు. ఎవరో షామియానా పరదా కప్పారు. నీళ్ళు కారే మొహంతో స్తంభం వైపు చూసి, ఆయన అన్న మొదటి మాట ఇదీ.

"ట్యాగు ఎవరు తీశారు?"

అందరూ వనజాక్షిని చూశారు.

"నేనే," అంది ఆవిడ. ఎడం చేతిలో ఆ ట్యాగు ఇంకా నలుగుతోంది.

"నా పర్మిషన్ లేకుండానా?"

"మీ పర్మిషన్ కోసం వీళ్ళందరూ ఆగారు. మీరు బాగా నేర్పించారు వీళ్ళకి. నాకే నేర్పలేదు, అందుకే బతికారు," అని ఏడ్చేసింది. అంతమందిలో ఏడవడం ఆవిడకి అలవాటు లేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగానే ఏడ్చింది. దక్షిణామూర్తి తడి చేత్తో ఆవిడ ఒరుసుకుపోయిన వేళ్ళు పట్టుకుని చూశాడు.

మర్నాడు నిమజ్జనానికి అందరూ మళ్ళీ గట్టు మీద చేరారు. పనిముట్లకి సెలవు అయిపోయింది. రాజాబాబు కత్తెర పళ్ళు ఎండలో పట్టి చూసి, దెబ్బ తగల్లేదని తేల్చుకున్నాడు. జగ్గయ్య చంకలో ఏదో పెట్టుకుని వచ్చాడు. రెండో రింగు.

"అమ్మ పంపించింది," అన్నాడు తల గోక్కుంటూ. "నిన్న సంగతి విన్నాక దాని మీద కూర్చోబుద్ధి కాలేదంట. దిండు చాలంది. ఇంకో స్తంభం నేను పాతిస్తాను గురువుగారూ. ఆ గట్టున కూడా ఉండాలి."

దక్షిణామూర్తి తెగిన గొలుసుని, తాళాన్ని పాత ఇనుము కొనేవాడికిచ్చేశాడు. మూడో రింగుని కొక్కేనికి ఊరికే తగిలించాడు. చెయ్యెత్తి ఎవరు తీసినా వచ్చేస్తుంది. తగిలించి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"మొత్తానికి చూశాను వనజా," అన్నాడు మెల్లగా. "నా రింగు వల్ల బతికినవాణ్ణి. పొద్దున గెడ్డం గీసుకుంటుంటే అద్దంలో కనబడ్డాడు."

"ఎలా ఉన్నాడేటి?"

"తల మీద బొప్పి కట్టింది," అన్నాడాయన. నవ్వాడు. ఆవిడా నవ్వింది.

అంతటితో బుద్ధి వచ్చిందనుకుంటే మీరు దక్షిణామూర్తిని ఎరగరన్నమాట. మెట్ల పక్కన ఆరబెట్టిన రేకు బోర్డు ఆయన కంటపడింది. "ఖ" మీద సగం బొట్టు అలాగే ఉంది. ఆయన జేబులోంచి కుంకుమ పొట్లం తీశాడు. బోర్డు చంకన పెట్టుకుని మెట్లవైపు కదిలాడు.

వనజాక్షి చేతిసంచీలోంచి నిన్నటి ఎర్ర ట్యాగు తీసింది. తడిసి ఆరి ముడతలు పడింది. ఆయన జేబులోని పెన్ను లాక్కుని, ఆయన సంతకం కొట్టేసి, కింద తన పేరు రాసింది. దాన్ని ఆయన చొక్కా గుండీకి రెండు ముళ్ళేసి కట్టింది.

"ఏటిది?"

"చదవండి."

ప్రమాదం. నా అనుమతి లేకుండా కదపరాదు. వనజాక్షి.

దక్షిణామూర్తి ట్యాగు చూసుకున్నాడు. తలెత్తి సాయం కోసం జగ్గయ్యని చూశాడు. జగ్గయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. పరదాలు మడతపెడుతున్నవాళ్ళు ఆపి చూశారు. ఒక్కడూ దగ్గరకి రాలేదు.

"నన్ను చూస్తారేటి గురువుగారూ," అన్నాడు జగ్గయ్య. "ట్యాగు ఉంది. కట్టినవాళ్ళే విప్పాలి."

దక్షిణామూర్తి గుండీ మీద చెయ్యి వేశాడు. వేసి, తీసేశాడు. బోర్డుని జగ్గయ్యకిచ్చి, పై మెట్టు మీద, పెళ్ళాం పక్కన, ఆవిడ విప్పేదాకా కదలకుండా నిలబడ్డాడు.